మాటలు లేని ఏడు నెలలు

గురువారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. తేదీ చెప్పలేను. ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు, గడియారం ముళ్లు ఎక్కడ నిలిస్తే ఎంత గంటో మాత్రం కంటి అలవాటుగా తెలుసు. గని మీద, కిందికి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో, గోడకున్న పెద్ద గడియారం కింద నిలబడి నేను మా అన్నను ఒక మాట అడిగిందీ, ఆయన జవాబు విన్నదీ సరిగ్గా ఆ సమయానికే. ఇప్పుడు నాకు ఎనభై దగ్గర పడుతోంది. అయినా గురువారం మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు పట్టదు.

ఇది రాయడానికి కూర్చోబెట్టింది మా ఇంటి ఆడపిల్లలు. నా మనవరాళ్లిద్దరూ మా ఊరి దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేస్తారు, ఒకే షిఫ్టు, ఒకే కంపెనీ బస్సు. ఏదో చీర దగ్గర మాట వచ్చి పది రోజులుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. పోయిన వారం పెద్దది నా మంచం దగ్గరికి వచ్చి, చెల్లెలు రెండడుగుల దూరంలో జడ వేసుకుంటూ ఉండగానే, "తాతా, రేపట్నుంచి బస్సు అరగంట ముందే వస్తాదంట, ఆయమ్మకి చెప్పు" అంది. చిన్నది అద్దంలోంచి తల తిప్పకుండానే, "తాతా, నాకు చెవులుండాయని ఆయమ్మకి చెప్పు" అంది. మా కోడలు పక్కున నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు, ఒళ్లంతా చెమట పట్టింది. పిల్లలు హడలిపోయి ఫ్యాను పెంచారు, బీపీ అన్నారు. బీపీ కాదు. 'ఆయనకు చెప్పు' అన్న ఒక్క మాటతో నేను ముగ్గురు మనుషుల్ని చంపబోయాను. నా వయసు వాళ్లకు, గని కింద పని చేసినవాళ్లకు, చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

మాది చిత్తూరు పక్క పల్లె. మా నాయన కాలంలోనే బంగారు గనికి వచ్చాం. నేను కింద మేస్త్రీ అయ్యేనాటికి తెల్లదొరలు పోయి గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్లయింది. కాగితాల మీద ముద్ర మారింది గానీ కింద రాయి మారలేదు, ఆ ఉడుకూ మారలేదు. మా అక్కా బావా లైన్లలో మా పక్క ఇంట్లోనే ఉండేవాళ్లు. లైన్లంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను, కూలీల కోసం వరసగా కట్టిన చిన్న ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ, అటు పోపు పెడితే ఇటు తుమ్ము వచ్చేది. బావ ఎనిమిదో తరగతి చదివాడు, మా లైనుకు అదే కాలేజీ చదువు. నేను వేలిముద్ర. ఇద్దరిదీ గనిలో ఒకే చోట పని, షిఫ్టులే వేరు. పొద్దున షిఫ్టు ముఠాకు నేను మేస్త్రీని, మధ్యాహ్నం షిఫ్టు ముఠాకు ఆయన. నేను వదిలిన రాతిముఖం దగ్గర, అంటే సొరంగం చివర తొలిచే గోడ దగ్గర, ఆయన అందుకునేవాడు. నా షిఫ్టులో జరిగింది షిఫ్టు పుస్తకంలో రాయాలంటే, నేను నోటితో చెబితే ఆయనే రాసిపెట్టేవాడు. ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఇంక గొడవ ఎందుకొచ్చిందో చెబుతాను, సిగ్గుపడి దాచేదేమీ లేదు. మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. కూటంలో ఇంటి యజమాని వాక్యం చదవడం ఆనవాయితీ. మా ఆవిడ చదివి వినిపిస్తుంటే నెల రోజుల ముందునుంచీ ఒక అధ్యాయం వల్లె వేసుకున్నాను. ప్రేమను గురించీ ఓర్పును గురించీ ఉన్న అధ్యాయమే, సంఘంలో అందరికీ ఇష్టమైనది. ఆ సాయంత్రం మా నాయన కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, ఒక్క మాట తప్పకుండా చదివినట్టే చెప్పాను. సగంలో ఉండగా పక్కన కూర్చున్న బావ మెల్లగా చెయ్యి చాపి, నా చేతుల్లో తలకిందులుగా ఉన్న పుస్తకాన్ని తిప్పి సరిగ్గా పెట్టాడు. ఆయన మనసులో ఏమీ లేదు, పాస్టరుగారు చూడకముందే సర్దుదామనుకున్నాడు. కానీ వెనక వరసలో ఒకావిడ కిసుక్కుమంది. నేను పుస్తకం మూసి, నా ఇంట్లోంచి నేనే లేచి వెళ్లిపోయాను.

ఆ రోజు నుంచి ఏడు నెలలు బావతో మాట లేదు. ఆయన మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏదైనా అవసరమైతే అక్క పెంచే కోడితో చెప్పేవాణ్ణి, ఆ ఇంట్లో సుత్తి ఉంటే ఇమ్మని అడుగు అని. అక్క లోపలినుంచి, "కోడీ, సుత్తి ఉండాది గానీ, తమ్ముని నెత్తిన వేసేదానికి చాలునా అని అడుగు" అనేది. లైనంతా నవ్వేది. బావ మాత్రం నవ్వలేదు, కోపగించలేదు. రోజూ షిఫ్టు మారే వేళ కింద దారిలో ఎదురుపడినప్పుడు "వందనాలప్పా" అనేవాడు. మా సంఘంలో ఒకరినొకరు పలకరించుకునే మాట అది. నేను దీపం వైపు చూస్తూ దాటిపోయేవాణ్ణి. ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా ఆయన ఆ మాట మానలేదు. తిట్టినా బాగుండేది, ఆ మాట నన్ను గీరేది.

ఆ గురువారం మా ముఠా రాతిముఖంలో పన్నెండు రంధ్రాలు తొలిచి మందు కూరింది. వత్తులు అంటించి, మలుపు వెనక్కి వచ్చి కూర్చుని, పేలుళ్లు లెక్కపెట్టాలి. అందరూ వేళ్లమీద లెక్కపెడతారు, నేను పన్నెండు గులకరాళ్లు కుడి జేబులో వేసుకుని ఒక్కో పేలుడుకు ఒకటి ఎడమ జేబులోకి మార్చేవాణ్ణి. ఆ రోజు చివర్లో కుడి జేబులో ఒకటి మిగిలింది. ముఠా అంతా పదకొండే అన్నారు. పేలని మందు రాతిలో కూర్చుని ఉందన్నమాట. దానికి ఇనుము తగిలితే చాలు, తాకినవాడూ మిగలడు, వెనకున్నవాడూ మిగలడు. పొగ తగ్గాక పోయి చూశాను. ఎడమవైపు, అన్నిటికంటే కింద మూలన ఉన్న రంధ్రం. దానికి చెక్కబిరడా పెట్టి, తువ్వాలు అంచు చింపి గుర్తుగా కట్టాను. షిఫ్టు అయిపోవచ్చింది, దాన్ని తీసే వ్యవధి లేదు. అలాంటప్పుడు పద్ధతి ఒక్కటే. వెళ్లే మేస్త్రీ, వచ్చే మేస్త్రీకి ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలి, పుస్తకంలో రాయాలి. నాకు రాసిపెట్టే బావతో మాట లేదు, ఏడు నెలలుగా షిఫ్ట్ బాస్‌తో 'అంతా బాగుంది సార్' అని నోటితో చెప్పి తప్పించుకుంటున్నాను. ఇంక వచ్చే మేస్త్రీ ఆయనే.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న వరస, మా ముఠాలో రాయి ఎత్తే పనిలో ఉండేవాడు. ఆయన్ని పిలిచి, నువ్వు ఇక్కడే ఉండి ఆయప్పకు చెప్పు, కింద ఎడమ మూల అని చెప్పు అన్నాను. అన్నకు పొద్దుట్నుంచి కడుపునొప్పి. "మీ బావా బామ్మర్దుల ఆటలో నన్నేల ఇరికిస్తావప్పా" అని గొణిగాడు. చెప్పను అనలేదు, చెబుతాననీ అనలేదు. అది నేను పట్టించుకోలేదు. ఎదురుపడకూడదని తొందరగా బయలుదేరాను. దారిలో వాళ్ల ముఠా దీపాలు కనబడితే ఒక రాయి బండి వెనక నక్కి నిలబడ్డాను. నా దీపం వెలుగు కనబడే ఉంటుంది. బావ ఆ చీకటివైపు తిరిగి "వందనాలప్పా" అని సాగిపోయాడు. నాలుగు మాటలు చెబితే అయిపోయేది అప్పుడే. నోరు తెరవలేదు.

పైకి వచ్చి దీపం అప్పజెప్పి చూస్తే, అన్న నాకంటే ముందే వచ్చి బెంచీ మీద కడుపు పట్టుకుని వంగి కూర్చున్నాడు. 

"చెప్పినావా అన్నా?"

"నాకు కడుపు తిప్పితే అడ్డదోవన ముందే వచ్చేసినాను. నువ్వు దోవలో ఎట్లా మీ బావకు ఎదురుపడతావు గదా. పేలనిది పెట్టుకొని, చెప్పకుండా ఎవురన్నా వస్తారా అనుకొంటిని."

తల ఎత్తితే గడియారం కనబడింది. అబద్ధం ఎందుకు, మొదట నాకు గుర్తొచ్చింది బావ కాదు, నా ఉద్యోగం. షిఫ్ట్ బాస్‌కు చెబితే పని పోతుంది, పనితోపాటు ఇల్లు పోతుంది. చెప్పకుండా ఉంటే ఏమవుతుంది, బిరడా పెట్టాను, గుడ్డ కట్టాను, వాళ్లే చూసుకుంటారు గదా అని ఒక ఆలోచన వచ్చింది. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు, పెద్ద ముల్లు కదలడం మాత్రం చూశాను. ఆ కొద్ది నిమిషాలకు నేను ఇంకా లెక్క చెప్పుకోవలసే ఉంది, మనుషులకు కాదు.

తర్వాత పరుగెత్తాను. మధ్యాహ్నం షిఫ్టు బాస్ నన్నూ అన్ననూ ఎగాదిగా చూసి, సగం విని, ఫోను తిప్పాడు. కింద కేజు దగ్గర, అంటే మనుషుల్ని దించే ఇనుప బోను దగ్గర, గంట కొట్టేవాడు ఎత్తి, ఆ ముఠా లోపలికి పోయి చాలాసేపయిందనీ, తను గంట వదిలి పోకూడదనీ చెప్పాడు. "నడవండిరా" అని బాస్ ముందు నడిచాడు. రాయి మోసే వేళ అది, కేజు ఖాళీ అయ్యేదాకా గనిలోకి దిగే బావి అంచున నిలబడ్డాం.  అన్న కడుపు పట్టుకునే ఎక్కాడు, నువ్వు ఉండిపో అంటే వినలేదు.

ఎన్నో ఏళ్లు రోజుకు రెండుసార్లు ఎక్కిన కేజు అది. ఆ రోజు దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి. ప్రార్థన చేద్దామనుకున్నాను. రాలేదు. సంఘంలో అరగంట నిలబడి ప్రార్థన చేయగలిగినవాణ్ణి, ఒక్క ముక్క రాలేదు. అక్క ముఖం కనబడింది. ఆమె తలుపు తట్టి ఏమని చెప్పాలి? కోడితో చెప్పి పంపాలా? కేజు ఆగాక లోపలికి పరుగు. ఊపిరాడని ఉడుకు, పైనుంచి నీటి చుక్కలు, దీపం వెలుగు ఎగిరెగిరి పడుతోంది. సగం దారిలో తొలిచే యంత్రం శబ్దం వినబడింది. అప్పుడు నాకు పట్టిన భయం ఇంతింతని చెప్పలేను. యంత్రం మోగుతున్నంతసేపూ వాళ్లు బతికి ఉన్నట్టు లెక్క. కానీ ఏ క్షణాన ఆగిపోతుందో ఆ క్షణం ఏమైందో తెలియదు. ఆగకూడదు, ఆగాలి, రెండూ ఒకేసారి కోరుకుంటూ పరుగెత్తాను.

మలుపు తిరిగితే కనబడ్డారు. బావ పైవరసలో యంత్రం పట్టుకుని ఉన్నాడు, పక్కన ఒకడు సాయం పట్టాడు. మూడోవాడు గడ్డపారతో ఎడమ మూల రాళ్లు పెకలిస్తున్నాడు. నేను కట్టిన గుడ్డ ఎక్కడా లేదు. పైనుంచి రాయి జారి దాన్ని పూడ్చేసింది. అరిచాను. ఆ మోతలో నా గొంతు నాకే వినబడలేదు. దగ్గరికి పోయి తాకితే ఉలిక్కిపడి గడ్డపార ఎక్కడ వేస్తాడో అని భయం. యంత్రాన్ని నడిపే గాలి గొట్టం మలుపు దగ్గరే ఉంది, దాని తిరుగుడు పిడి పట్టుకుని బలంగా మూసేశాను. యంత్రం మూలిగి ఆగిపోయింది.

"గాలి యాడికి పోయె? ఎవురప్పా మూసినేది?" బావ కోపంగా వెనక్కి తిరిగాడు.

"బావా, కదలద్దండి ఎవురూ. ఆ ఎడమ మూల కింద పేలనిది ఉండాది."

ఏడు నెలల తర్వాత నేను ఆయనతో ఆడిన మొదటి మాట అది.

గడ్డపార వాడు దాన్ని సగం ఎత్తి అలాగే నిలబడిపోయాడు.  బావ గొంతు పెంచలేదు. "ఒరే అబ్బయ్యా, కింద పెట్టద్దు. వేయద్దు. అట్లే పట్టుకొని నా దిక్కు రా. మెల్లిగా. నా మొగమే చూస్తా రా" అన్నాడు. వాడు నాలుగడుగులు వేయడానికి పట్టినంత సమయం నా జీవితంలో ఇంకెప్పుడూ పట్టలేదు. అందర్నీ మలుపు వెనక్కి పంపి, బాస్ దీపం తీసుకుని ఒంటిగా పోయి, చేత్తో ఒక్కో రాయీ తీసి చూశాడు. గడ్డపార దిగిన చోటికీ బిరడాకూ మధ్య జానెడు కూడా లేదు. తిరిగి వచ్చి ముఖం తుడుచుకున్నాడు.

నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. బావ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. తన నీళ్ల డబ్బా మూత తీసి నాకు ఇవ్వబోతే ఆయన చేతిలోంచే సగం నీళ్లు ఒలికాయి. అప్పుడు చూశాను, ఆయన నాకంటే ఎక్కువ భయపడి ఉన్నాడు. డబ్బా నా చేతిలో పెట్టి, "ఇంగ దినమూ మాట్లాడు రా. తిట్టేదైనా తిట్టు. మాట్లాడు" అన్నాడు.

బాస్ పుస్తకం తీసి, "యో, ఎవురి తప్పు ఇది? రాయాల" అన్నాడు. నాది అన్నాను. బావ అడ్డం వచ్చి, ఇద్దరిదీ రాయండి సార్, వచ్చే మేస్త్రీ వెతికి పట్టుకుని అడగాల, నేను అడగలేదు అన్నాడు. అది అబద్ధం కాదు, అలాగని ఆయన చెప్పవలసిన అవసరమూ లేదు. బాస్ ఇద్దరి పేర్లూ రాశాడు. నాకు పదిహేను రోజులు పని ఆపారు, ఆయనకు మూడు రోజులు. ఉద్యోగం, ఇల్లు నిలిచాయి. అక్క మాత్రం ఏ పుస్తకమూ లేకుండా తీర్పు చెప్పింది. చీపురు తిరగేసి నన్ను వాకిట్లో వీపు మీద రెండేసి, "ఏడు నెల్లు నోరు కుట్టుకొని కూచున్నావే, ఎవురు కుట్టినారు? నేనా, నా కోడా?" అని, అక్కడే కూలబడి ఏడ్చింది.

బావ ఆ మూడు రోజులూ మా ఇంటి వైపు రాలేదు. నేను రోజంతా వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాను. ఇంక ఎప్పటికీ రాడేమో అన్న భయం గనిలో భయంకంటే తక్కువేమీ కాదు. నాలుగో రోజు పలక పట్టుకుని వచ్చాడు. కూర్చుని ముందు చెప్పిన మాట, "నిన్ను కొట్టల్లని ఉండె అప్పా. మూడు దినాలు మోకాళ్ల మీద ఉంటిని. ఇప్పుడు కొంచెం తగ్గినాది, అందుకే వచ్చినాను." ఓర్పు ఆయనకు పుట్టుకతో వచ్చిందని అందరితోపాటు నేనూ అనుకునేవాణ్ణి. కాదు. రోజూ ప్రార్థనలో కూర్చుని సంపాదించుకునేవాడు.

క్షమించడం ఆయనకు మూడు రోజుల పని అయితే, నాకు నేర్పడం రెండేళ్ల పని అయింది. నేను చెడ్డ విద్యార్థిని. డ్రిల్లు పట్టిన వేళ్లకు బలపం నిలవదు, విసిరేసేవాణ్ణి. ఒకసారి పలక పగలగొట్టాను. ఇంకొకటి తెచ్చాడు. అక్క ఎనిమిదేళ్ల కూతురు నా 'అ' చూసి కప్పలా ఉందని నవ్వితే, ఈసారి నేను లేచి పోలేదు, అదొక్కటే నేను సాధించింది. మొదట నేర్పింది నా పేరు కాదు. పుస్తకంలో నాకు నేను రాసుకోవలసిన మాటలు, 'ఎడమ', 'కుడి', 'కింద', 'పేలలేదు'. నలభై దాటాక ఆ నాలుగు మాటలతో నా చదువు మొదలైంది.

బావ పోయి చాలా ఏళ్లయింది, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. చివరి నెలల్లో మాట్లాడే ఊపిరి ఆయనకు లేదు. రోజూ పోయి పక్కన కూర్చుని నేనే మాట్లాడేవాణ్ణి, వానల గురించీ సంఘం గురించీ టేకల్‌లో మా వియ్యంకుడి టమోటా తోట గురించీ. ఆయన కళ్లతో వినేవాడు.

గనులు మూసేశారు. నీళ్లు తోడే పంపులు ఆగిపోయాక కింది దారులన్నీ నిండిపోయాయంటారు. మేము కూలబడిన ఆ మలుపు ఇప్పుడు నీటి అడుగున ఉంటుంది, ఎవరూ అక్కడికి పోలేరు. ఊళ్లో పిల్లలు పొద్దున్నే రైలెక్కి, బస్సెక్కి ఎక్కడెక్కడికో పనికి పోతారు, భద్రంగా తిరిగి వస్తారు. పక్కింటివాడు చెప్పే ఒక్క మాట మీద ఎవరి ప్రాణమూ ఆధారపడి లేదు. మంచిదే, ఆ భయం నా శత్రువుకు కూడా వద్దు. కానీ ఆ భయం మమ్మల్ని ఒకరి ముఖం ఒకరం చూసుకునేలా చేసేది. అలిగినవాణ్ణి అలాగే వదిలేసే వీలు మాకు ఉండేది కాదు. ఇప్పుడు ఏడు నెలలేం ఖర్మ, ఏడేళ్లు మాట్లాడకపోయినా ఏమీ పేలదు. అందుకే ఎవరూ మొదట పలకరించడం లేదేమో అనిపిస్తుంది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను, కాబట్టి పేర్లు రాసి పెడుతున్నాను. యంత్రం పట్టిన మా బావ దానియేలు. ఆయన పక్కన సాయం పట్టిన వెంకటేశప్ప. గడ్డపార ఎత్తి పట్టుకుని నాలుగడుగులు నడిచిన మునెప్ప. చేత్తో రాళ్లు తీసిన షిఫ్ట్ బాస్ అంతోని సారు. కడుపు పట్టుకుని మళ్లీ దిగిన మా అన్న ఏసుదాసు. నేను, సమూయేలు.